మీ డెస్క్‌టాప్‌కు సరిపోయే వేగవంతమైన ర్యామ్‌ను ఎంచుకోవడం ఎలా

ర్యామ్ పెట్టె మీద 6000 అని పెద్ద అంకెలతో అచ్చు వేసినంత మాత్రాన అది మీ కంప్యూటర్‌లో ఆ వేగంతో నడిచి తీరుతుందని అనుకోకూడదు. ఆ అంకె, తయారీదారు తన దగ్గర ఉన్న ఏదో ఒక బోర్డులో, ఏదో ఒక ప్రాసెసర్‌తో పరీక్షించి చూసిన వేగం. మీ యంత్రంలో అదే వేగం రావాలంటే ర్యామ్ స్టిక్కులు, ప్రాసెసర్ లోపల ఉండే మెమరీ కంట్రోలర్, ఈ రెండింటినీ కలిపే మదర్‌బోర్డు మీది తీగలు, ఈ మూడూ ఒప్పుకోవాలి. అందువల్ల ర్యామ్ ఎంపికను వేగంతో మొదలుపెట్టకుండా ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, బోర్డు, సామర్థ్యం, స్టిక్కుల సంఖ్య అన్నీ తేల్చుకున్న తర్వాత చివరగా వేగం దగ్గరకు రావడమే సరైన వరుస. వివరణ సులభంగా ఉండటానికి ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణను వాడుతున్నాను: బీ650 చిప్‌సెట్ (బోర్డు సదుపాయాలను నిర్ణయించే చిప్పు) ఉన్న బోర్డు మీద ఏఎమ్‌డీ రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్‌తో, వీడియో ఎడిటింగ్‌కూ ఆటలకూ పనికివచ్చే ఒక యంత్రాన్ని మీరు అసెంబుల్ చేస్తున్నారనుకుందాం.

ముందు తరాన్ని తేల్చుకోండి

ఇప్పుడు మార్కెట్లో ప్రధానంగా రెండు తరాల ర్యామ్ దొరుకుతుంది. డీడీఆర్4 ప్రమాణం 2012లో, డీడీఆర్5 ప్రమాణం 2020లో వెలువడ్డాయి. రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలోని గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి కూర్చోదు. బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే. ఏఎమ్‌డీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎమ్4 సాకెట్ బోర్డులన్నీ డీడీఆర్4కు, ఏఎమ్5 బోర్డులన్నీ డీడీఆర్5కు మాత్రమే పనికివస్తాయి. ఇంటెల్ కోర్ అల్ట్రా 200 శ్రేణి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ 1851 సాకెట్‌కు కూడా డీడీఆర్5 తప్ప మరొకటి పనిచేయదు.

తికమక అంతా ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లు వాడే ఎల్‌జీఏ 1700 సాకెట్ దగ్గరే వస్తుంది. ఈ ప్రాసెసర్లకు రెండు తరాల ర్యామ్‌తోనూ పనిచేసే శక్తి ఉంది గాని, బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒక తరానికే తయారవుతుంది. ఒకే కంపెనీ, ఒకే పేరుతో, చివర డీ4 అన్న చిన్న తోక తగిలించి రెండు రకాల బోర్డులు అమ్మిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి బోర్డు పేరును చివరి అక్షరం దాకా చదివిన తర్వాతే ర్యామ్ వైపు చూడండి.

ఇంకో రెండు రకాలను పొరపాటున కొనకండి. ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి స్టిక్కులు డెస్క్‌టాప్ స్లాటులో పట్టవు. సర్వర్ల కోసం చేసిన రిజిస్టర్డ్ ర్యామ్ చూడటానికి అచ్చం మామూలు స్టిక్కులాగే ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో ఒక్కోసారి చవకగానూ దొరుకుతుంది, కాని ఇంట్లో వాడే బోర్డులలో అది పనిచేయదు.

మన ఉదాహరణలోని బోర్డు ఏఎమ్5 కనుక తరం గురించి ఆలోచించాల్సిన పని లేదు. అయితే రైజెన్ 9000 శ్రేణి కంటే ముందే బీ650 బోర్డులు మార్కెట్లోకి వచ్చాయి కాబట్టి, పాత స్టాకు బోర్డు అయితే బయాస్‌ను (యంత్రం లేచేటప్పుడు మొదట నడిచే, బోర్డు మీది ప్రోగ్రాంను) అప్‌డేట్ చేసి ఇమ్మని దుకాణంలోనే అడగండి.

ఎంత సామర్థ్యం, ఎన్ని స్టిక్కులు

చదువుకు, ఆఫీసు పనికి, తేలికపాటి ఆటలకు 16 జీబీ చాలు. వీడియో ఎడిటింగ్, కొత్త ఆటలు, వెనుక పాతిక ట్యాబులతో బ్రౌజరు, ఇవన్నీ కలిసి నడవాలంటే 32 జీబీ కావాలి. వర్చువల్ మెషీన్లు నడిపేవారు, సొంత యంత్రం మీద పెద్ద భాషా నమూనాలను ప్రయోగించేవారు, భారీ 4కే ప్రాజెక్టులు చేసేవారు 64 జీబీ గురించి ఆలోచించవచ్చు. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ ఎస్ఎస్‌డీని తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది, అది ఎంత మంచి ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్ ముందు నత్తనడకే. అందువల్ల డబ్బు పరిమితంగా ఉంటే 16 జీబీ అతివేగం ర్యామ్ కంటే 32 జీబీ మధ్యరకం ర్యామ్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సామర్థ్యం తేలాక దాన్ని రెండు స్టిక్కులుగా తీసుకోండి. డీడీఆర్5 ర్యామ్ 6000 వేగంతో నడిచినప్పుడు ఒక ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి) ద్వారా సెకనుకు గరిష్ఠంగా 48 జీబీ సమాచారం ప్రవహించగలదు. రెండు ఛానళ్లలోనూ ఒక్కో స్టిక్కు ఉంటే అది 96 జీబీ అవుతుంది. ఒకే 32 జీబీ స్టిక్కు పెట్టి, మరొకటి తర్వాత కొంటానని వాయిదా వేస్తే ఆ సగాన్ని మీరు వదులుకున్నట్టే. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో నెట్టుకొచ్చేవారికి ఈ నష్టం మరీ ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే పంచుకోవాలి.

డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కులకు వీలైనంత దూరంగా ఉండండి. వాటిలో సాధారణంగా నాలుగే చిప్పులు ఉంటాయి, ఆ రకం చిప్పుల్లో బ్యాంకు గ్రూపులు (పనిని పంచుకునే మెమరీ విభాగాలు) ఎనిమిదికి బదులు నాలుగే కావడం వల్ల, లేబుల్ మీద వేగం ఒకటే అయినా పనిలో 16 జీబీ స్టిక్కుల కంటే వెనుకబడతాయి. 24, 48 జీబీ స్టిక్కులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి మంచివే గాని, పాత బయాస్ ఉన్న బోర్డు వాటిని గుర్తించకపోవచ్చు.

ఇక నాలుగు స్లాట్ల సంగతి. బోర్డు మీద నాలుగు స్లాట్లు కనబడగానే నాలుగూ నింపాలన్న కోరిక కలగడం సహజం, కాని డీడీఆర్5 విషయంలో అది ఖరీదైన కోరిక. రైజెన్ 9000 శ్రేణికి ఏఎమ్‌డీ అధికారికంగా ప్రకటించిన వేగం రెండు స్టిక్కులతో 5600 అయితే, నాలుగు స్టిక్కులతో కేవలం 3600. ఒక్కో ఛానల్ మీద రెండు స్టిక్కులు వేలాడినప్పుడు సంకేతాలు మసకబారతాయి, కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది, అందుకే వేగం తగ్గించుకోక తప్పదు.

ఇది నేను డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం. రెండు 16 జీబీ స్టిక్కులతో ఏడాదిపాటు 6000 వేగంతో నిక్షేపంగా నడిచిన నా యంత్రానికి, అదే కంపెనీ, అదే మోడల్ కిట్‌ను మరొకటి తెచ్చి జతచేశాను. దుకాణదారుడు రెండూ ఒకటేనని నమ్మకంగా చెప్పాడు, పెట్టెలు కూడా ఒకేలా ఉన్నాయి. తీరా చూస్తే కొత్త స్టిక్కుల్లోని చిప్పులు వేరే కంపెనీవి. 6000 దగ్గర యంత్రం అసలు లేవలేదు, 4800 దగ్గర లేచినా గంటకోసారి నీలి తెర చూపించింది, చివరకు 3600 దగ్గర గాని స్థిరపడలేదు. ర్యామ్ తయారీదారులు ఒకే మోడల్ నంబరు కింద కాలక్రమంలో చిప్పులు మార్చడం మామూలే. కాబట్టి ముందుముందు 64 జీబీ అవసరపడుతుందని ఏ మాత్రం అనుమానం ఉన్నా, ఈ రోజే రెండు 32 జీబీ స్టిక్కులున్న ఒకే కిట్‌ను కొనండి. మన ఉదాహరణకు మాత్రం రెండు 16 జీబీ స్టిక్కుల కిట్ సరిపోతుంది.

వేగం, ఆలస్యం: రెండు అంకెలనూ కలిపి చదవండి

పెట్టె మీద 6000 సీఎల్30 అని ఉంటే, మొదటి అంకె ర్యామ్ సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు సమాచారాన్ని బదిలీ చేయగలదో చెబుతుంది. చాలామంది దీన్ని మెగాహెర్ట్జ్ అంటారు గాని అది సరికాదు. ర్యామ్ ఒక్కో గడియార స్పందనకు రెండు సార్లు బదిలీ చేస్తుంది కనుక దాని అసలు గడియారం 3000 మెగాహెర్ట్జ్ మాత్రమే. రెండో అంకె, సమాచారం కావాలని అడిగినప్పటి నుంచి అది రావడం మొదలయ్యే దాకా ఎన్ని స్పందనలు వేచి ఉండాలో చెబుతుంది.

స్పందనల సంఖ్యను చూసి మోసపోకుండా, దాన్ని కాలంలోకి మార్చుకోండి. సీఎల్ అంకెను 2000తో గుణించి, వేగంతో భాగిస్తే నానోసెకన్లలో ఆలస్యం వస్తుంది. 6000 సీఎల్30 కిట్‌కు ఇది సరిగ్గా 10 నానోసెకన్లు. 6000 సీఎల్40 కిట్‌కు 13 దాటుతుంది. 5600 సీఎల్46 అయితే 16కు పైనే. 6400 సీఎల్32 కూడా 10 నానోసెకన్లే. అంటే ఆలస్యం విషయంలో అది 6000 సీఎల్30 కంటే మెరుగేమీ కాదు. డీడీఆర్4లో పాతకాపు అయిన 3200 సీఎల్16 కిట్‌కు సైతం సరిగ్గా ఇంతే వస్తుంది. మొదటి తరం డీడీఆర్5 కిట్లు కొన్నవారు ఆటల్లో పెద్ద తేడా కనబడలేదని నిరాశపడటానికి కారణాల్లో ఇదొకటి.

అయితే వేగం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఏఎమ్5 రైజెన్ ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ ర్యామ్ గడియారంతో సమానంగా నడిచినప్పుడే మంచి ఫలితం వస్తుంది. 6000 కిట్‌కు కంట్రోలర్ 3000 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి, దాదాపు అన్ని ప్రాసెసర్లూ ఆ బరువు మోయగలవు. 6400 దగ్గర కొన్ని మోస్తాయి, కొన్ని మోయవు. అది మీ చేతికొచ్చిన చిప్పు జాతకాన్ని బట్టి ఉంటుంది. ఆ పైన కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది, అలా దిగినప్పుడు కలిగే నష్టాన్ని పూడ్చుకోవడానికే ర్యామ్ వేగం 8000 దరిదాపులకు చేరాలి. అందుకే రైజెన్ 7000, 9000 శ్రేణులకు 6000 సీఎల్30 అన్నది ఇంచుమించు సూత్రంలాగా స్థిరపడింది, మన ఉదాహరణలోని యంత్రానికీ అదే తీసుకుంటాం. సీఎల్30కీ సీఎల్36కీ ధరలో తేడా ఎక్కువగా ఉంటే రెండోదే కొని, మిగిలిన డబ్బును గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. ముఖ్యంగా ఎక్స్‌3డీ తోక ఉన్న రైజెన్ ప్రాసెసర్లలో పెద్ద క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే అతివేగ మెమరీ) ఉండటం వల్ల ర్యామ్ వేగం ప్రభావం ఆటల్లో ఇంకా తగ్గుతుంది.

ఇంటెల్ వైపు లెక్క కొంత వేరు. 13, 14వ తరాల్లో జెడ్790 బోర్డుల మీద 6000 నుంచి 7200 వరకు కిట్లు నడపడం పరిపాటి. కోర్ అల్ట్రా 200ఎస్ శ్రేణికి మామూలు స్టిక్కులతో 5600, సొంత క్లాక్ డ్రైవర్ చిప్పు ఉన్న సీయూడిమ్ స్టిక్కులతో 6400 అధికారిక వేగాలు. హెచ్610 బోర్డు కొన్నవారు మాత్రం ఖరీదైన ర్యామ్ జోలికి పోవద్దు; ఆ చిప్‌సెట్‌లో ర్యామ్‌ను అధికారిక వేగానికి మించి నడిపే సదుపాయమే లేదు, 6400 కిట్ పెట్టినా ప్రాసెసర్ అధికారిక హద్దు దగ్గరే ఆగిపోతుంది.

ప్రొఫైల్ చూడండి, బోర్డు జాబితాతో పోల్చండి

ర్యామ్ స్టిక్కు మీద ఒక చిన్న చిప్పులో దాని వేగాలు, వోల్టేజీలు భద్రపరచి ఉంటాయి. అందులో ఇంటెల్ పద్ధతి ప్రకారం రాసినదాన్ని ఎక్స్‌ఎంపీ అని, 2022లో రైజెన్ 7000తో పాటు ఏఎమ్‌డీ తెచ్చినదాన్ని ఎక్స్‌పో అని అంటారు. ఎక్స్‌ఎంపీ మాత్రమే ఉన్న కిట్‌ను కూడా చాలా ఏఎమ్5 బోర్డులు చదవగలవు గాని, మన ఉదాహరణకు ఎక్స్‌పో ముద్ర ఉన్నదాన్ని ఎంచుకోవడమే నిశ్చింత. రెండు ప్రొఫైళ్లూ ఉన్న కిట్లు కూడా దొరుకుతాయి.

తర్వాత మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్లో మీ బోర్డు పేజీకి వెళ్లి, సపోర్ట్ విభాగంలో మెమరీ జాబితాను తెరవండి. ఒక్కో బోర్డుకు ప్రాసెసర్ శ్రేణిని బట్టి వేర్వేరు జాబితాలు ఉంటాయి కనుక మీ ప్రాసెసర్‌కు సంబంధించినదే చూడాలి. అక్కడ కిట్ పూర్తి పార్ట్ నంబరును వెతకండి, ఉత్పత్తి పేరును కాదు, ఎందుకంటే ఒకే ఉత్పత్తి పేరు కింద పదుల కొద్దీ రకాలు ఉంటాయి. పార్ట్ నంబరు చదవడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు జీ.స్కిల్ కంపెనీ ఫ్లేర్ ఎక్స్5 కిట్లలో ఒకదాని నంబరు ఎఫ్5-6000జే3038ఎఫ్16జీఎక్స్2 అని మొదలవుతుంది. అందులో ఎఫ్5 డీడీఆర్5ను, 6000 వేగాన్ని, 3038 మొదటి రెండు టైమింగులను (స్పందనల్లో లెక్కించే ఆలస్యాలను), చివరి భాగం 16 జీబీ స్టిక్కులు రెండని సూచిస్తాయి. జాబితాలో ఆ నంబరుకు ఎదురుగా ఒక స్టిక్కు, రెండు స్టిక్కులు, నాలుగు స్టిక్కులు అన్న గడులు ఉంటాయి. నాలుగు స్టిక్కుల గడి చాలా చోట్ల ఖాళీగా కనబడటం మీరే గమనిస్తారు.

జాబితాలో లేని కిట్ పనిచేయదని కాదు, ఆ కంపెనీ దాన్ని పరీక్షించలేదని మాత్రమే అర్థం. ర్యామ్ కంపెనీలు కూడా తమ వైపు నుంచి ఏ బోర్డులలో ఏ కిట్ నడిచిందో ప్రకటిస్తాయి. రెండు జాబితాల్లో దేనిలోనైనా మీ కిట్ ఉంటే ముందుకు సాగవచ్చు, రెండింటిలోనూ లేకపోతే వేరేది చూసుకోవడం మేలు. ఒకే వేగం, ఒకే టైమింగులు ఉన్న రెండు కిట్లలో ఒకటి 1.35 వోల్టులు, మరొకటి 1.4 వోల్టులు అడుగుతుంటే మొదటిదే తీసుకోండి.

ఎత్తు కొలవండి

పెద్ద ఎయిర్ కూలర్ కొన్నవారు ఈ మెట్టును దాటవేయకూడదు. అలంకారాలు లేని స్టిక్కు ఎత్తు సుమారు 31 మి.మీ. ఉంటే, రంగు దీపాలున్నవి 40 మి.మీ. దాటిపోతాయి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 వంటి రెండు ఫ్యాన్ల కూలర్ ముందు ఫ్యాను కింద 32 మి.మీ. ఎత్తు స్టిక్కులే పడతాయి. అంతకన్నా ఎత్తువి పెడితే ఫ్యాన్‌ను పైకి జరపాలి, అప్పుడది క్యాబినెట్ తలుపుకు తగలవచ్చు. దీపాల వల్ల వేగం పెరగదు.

కొనేటప్పుడు

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, చిప్పుల కంపెనీలు కృత్రిమ మేధ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు మళ్లడమే అందుకు ప్రధాన కారణం. అందువల్ల ఇక్కడ ధరలు రాయడం లేదు. కొనే వారంలోనే నాలుగు చోట్ల విచారించండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయం లాంటి చోట ఒకే అంతస్తులో పది దుకాణాల్లో ధర కనుక్కోవచ్చు. వెళ్లేటప్పుడు పార్ట్ నంబరును కాగితం మీద రాసుకుని వెళ్లండి, లేదంటే స్టాకులో ఉన్నదాన్నే మీకు తగినదిగా చూపించే అవకాశం ఉంది. రెండు విడి స్టిక్కులు కలిపి కిట్ అని ఇస్తే తీసుకోవద్దు. కిట్ అంటే తయారీదారు జతగా పరీక్షించి ఒకే సీలు కింద పెట్టినది. బిల్లు మీద పార్ట్ నంబరు, సీరియల్ నంబర్లు రాయించుకోండి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవారు ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీ నిబంధనల్లో ముందే చదువుకోవాలి.

బిగించడం, ప్రొఫైల్ ఆన్ చేయడం

కరెంటు తీసేసి, ప్లగ్గు పీకి, క్యాబినెట్ లోహ భాగాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే స్టిక్కులను చేతిలోకి తీసుకోండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పెట్టాల్సింది సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో. బోర్డు మీద వాటి పక్కన ఏ2, బీ2 అని ఉంటుంది. గాడిని సరిచూసుకుని, రెండు చివర్లా క్లిప్పు టక్కుమనే దాకా నిటారుగా నొక్కండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోతే కంగారుపడవద్దు. డీడీఆర్5 యంత్రాలు, ముఖ్యంగా ఏఎమ్5వి, కొత్త ర్యామ్‌ను చూసినప్పుడు సంకేతాల సమయాలను సరిచేసుకుంటాయి, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అది కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఈలోగా ర్యామ్ చెడిపోయిందనుకుని స్విచ్చి ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

యంత్రం లేచాక బయాస్‌లోకి వెళ్లి ముందుగా దాన్ని తాజా వెర్షన్‌కు మార్చండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కాలిపోయినప్పుడు, ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందేదాన్ని) మితిమీరి పెంచుతున్నాయని తేలి, ఏఎమ్‌డీ దాన్ని 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ కొత్త బయాస్‌లు విడుదల చేయించింది. అప్పటి పాత బయాస్ ఉన్న బోర్డు మీద ఎక్స్‌పోను ముట్టుకోకండి. అప్‌డేట్ అయ్యాక ఎక్స్‌పో ప్రొఫైల్‌ను ఎంచుకుని సేవ్ చేయండి. ఈ పని చేయకపోతే మీ 6000 కిట్ 4800 వంటి ప్రాథమిక వేగంతోనే ఏళ్ల తరబడి నడుస్తుంది, కొన్న విషయం మీకు తప్ప యంత్రానికి తెలియదు. ప్రొఫైల్ ఆన్ చేయడాన్ని ఏఎమ్‌డీ, ఇంటెల్ రెండూ ఓవర్‌క్లాకింగ్‌గానే, అంటే అధికారిక వేగానికి మించి నడపడంగానే లెక్కిస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి.

పరీక్షించండి

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ చూస్తే వేగం 6000 అని కనబడాలి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం మాత్రం సుమారు 3000 చూపిస్తుంది; అది అసలు గడియారం కాబట్టి తప్పేమీ లేదు.

వేగం కనబడినంత మాత్రాన పని ముగియలేదు. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, దానితోనే యంత్రాన్ని బూట్ చేసి, నాలుగు విడతల పరీక్షను పూర్తిగా నడవనివ్వండి. 32 జీబీకి చాలా గంటలు పడుతుంది, రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే సరి. ఒక్క తప్పు వచ్చినా అంగీకరించకూడదు, ఎందుకంటే ర్యామ్‌లోని చిన్న తప్పు వెంటనే యంత్రాన్ని ఆపకపోవచ్చు, నెమ్మదిగా మీ ఫైళ్లను పాడుచేస్తూ పోతుంది.

తప్పులు వస్తే స్టిక్కులను తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడండి. అప్పటికీ వస్తుంటే ప్రొఫైల్‌ను అలాగే ఉంచి వేగాన్ని మాత్రం 5600కు తగ్గించి పరీక్షించండి; అక్కడ శుభ్రంగా నడిస్తే లోపం కంట్రోలర్‌లోనో బోర్డులోనో ఉండవచ్చు. ప్రొఫైల్ పూర్తిగా తీసేసినా తప్పులు వస్తుంటే ఒక్కో స్టిక్కునే ఏ2 స్లాటులో పెట్టి విడివిడిగా పరీక్షించండి. చెడ్డది ఒక్కటే అని తేలినా, వారంటీ కింద పంపేటప్పుడు కిట్ మొత్తం పంపమని అడిగే కంపెనీలు ఉన్నాయి కనుక, బాగున్న స్టిక్కును వేరే యంత్రానికి ఇచ్చేయకుండా, బిల్లుతో, పెట్టెతో సహా రెండింటినీ కలిపే ఉంచండి.